మార్చి నెలకు పెట్టిన పాఠం

కళ్లలో మందు చుక్కలు వేశాక అక్షరాలు పోయాయి. ఎదురుగా గోడ మీద ఏదో రాసి ఉంది. నిన్నైతే కూడబలుక్కుని చదివేదాన్ని, ఇప్పుడది గోడకు అంటిన మసిలా ఉంది. సాయంత్రానికి చూపు సర్దుకుంటుందని, అప్పటిదాకా ఎండలోకి చూడవద్దని కంటి డాక్టరు చెప్పాడు. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం ఎండ లేని చోటెక్కడ, బడి వరండాలో నీడన కూర్చున్నా మైదానం మీంచి లేచి వచ్చి కళ్లలో పొడుస్తోంది, కొంగు అడ్డం పెట్టుకుంటే కొంగు కూడా వెలుగుతోంది. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు. అంతకుముందు అన్నేళ్లూ అవి లేకపోయినా లేవని తెలియలేదు, ఒక్క పూట పోయేసరికి చేతిలో ఉన్నదెవరో లాక్కున్నట్టుంది. సూరి నన్ను కంటి ఆస్పత్రి నుంచి తిన్నగా ఈ బడికి తెచ్చి, ఈ బెంచీ మీద కూర్చోబెట్టి, "ఎటూ ఎల్లకమ్మా, గంటలో ఒచ్చేస్తాను" అని వెనక గదిలోకి వెళ్లాడు. మా అబ్బాయి అప్పలసూరి మా రేవు దగ్గరి హైస్కూల్లో సైన్సు మేష్టారు. వచ్చే జూన్ నుంచి తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రంలో ఏ నెల ఏ పాఠం చెప్పాలో ఈ చుట్టుపక్కల బళ్లన్నిటికీ కలిపి ఒకే ప్రణాళిక తయారు చేస్తున్నారు. ఇవాళ దానిమీద సంతకాలైతే సాయంత్రానికి సైక్లోస్టైలు తీసి అన్ని బళ్లకూ పంపేస్తారు, ఇక ఏడాదంతా అదే. వేసవి సెలవులు, పిల్లల గోల లేదు. నా బెంచీ వెనకే కిటికీ, గదిలో మాటలన్నీ వచ్చి నా వీపుకు తగులుతున్నాయి.

మొదటి ప్రతి రాసింది సూరే, అందరిలోకీ చిన్నవాడని ఆ పని వాడి మీద పెట్టారు, చదువుతున్నదీ వాడే. అది ఇంట్లో గొంతు కాదు, ఇస్త్రీ పెట్టిన గొంతు. జూన్ నెల కొలతలు, ప్రమాణాలు. జూలై చలనం, వేగం. ఆగస్టు ధ్వని. ధ్వని అనగానే ఒక బొంగురు గొంతు లేచింది, బొబ్బిలి నుంచి వచ్చిన జగన్నాధం మేష్టారట, సూరి ఇంటి దగ్గర ఆయన మాట చెప్పి నవ్వుతుంటాడు. "ధ్వని ఆగస్టులోనే ఉండనియ్యండి, దాని జోలికెళ్లకండి. ఇప్పుడైతే మా వీణలు చేసేవాళ్లని బతిమాలి ఓ వీణ తెచ్చుకుంటాను, తీగ మీటి పిల్లలకి చూపిస్తాను. దసరా పనులు మొదలయ్యాయంటే వాళ్లు నాతో మాట్లాడనైనా మాట్లాడరు." ఇంకొకాయన, నెల్లిమర్ల ఆయన, కాంతి పాఠం వానల్లో పెడితే ఎలాగంటున్నాడు, భూతద్దం పట్టి కాగితం కాల్చాలంటే ఎండ ఉండొద్దా అంటున్నాడు. "అయితే డిసెంబరు రాయి సూరీ" అని పెద్దాయన గొంతు, గణపతిరావు గారు, ఈ కూటానికి ఆయనే పెద్ద. నాకు వింతగా ఉంది. పాఠాలంటే పుస్తకంలో ఉన్న వరసలో ఒకదాని వెనక ఒకటి నడిచిపోతాయనుకున్నాను. వీటికీ ఎండలూ వానలూ ఉన్నాయి, ఎవరి ఊళ్లో ఎప్పుడు ఏది దొరుకుతుందో చూసుకుని వీటినీ అటూ ఇటూ జరుపుతున్నారు. జనవరి అయస్కాంతాలు. ఫిబ్రవరి విద్యుత్తు. మార్చి ద్రవాలు, వస్తువులు నీటిలో తేలుట, మునుగుట. ఆ చివరి మాటలు సూరి గబగబా చదివేశాడు. నా వీపు నిటారుగా అయింది.

"ద్రవాలు అంత చివరికెందుకోయ్?" అని గణపతిరావు గారు అడిగారు. "పరీక్షల ముందు చెబితే బాగా గుర్తుంటుందండి" అన్నాడు సూరి. "సరేలే, అలాగే కానియ్." ఎవరూ ఇంకేమీ అడగలేదు, ఎందుకడుగుతారు, బొబ్బిలిలో నీళ్లంటే చెరువు, నెల్లిమర్లలో నీళ్లంటే ఏరు. మార్చి అంటే ఏమిటో నాకు తెలుసు, సూరికి తెలుసు. వానలు వెళ్లి సముద్రం నెమ్మదించాక, దీపావళి దాటగానే, మా రేవులో సగం ఇళ్లు తలుపులు వేసుకుని తెప్పలూ వలలూ పట్టుకుని ఒరిస్సా వైపు వెళ్లిపోతాయి, పూరీ దాకా, ఆ ఒడ్డునే పాకలు వేసుకుని ఎండలు ముదిరేదాకా అక్కడే. తొమ్మిదో తరగతికొచ్చిన మగపిల్లాడు తండ్రి పక్కన తెడ్డు వెయ్యడానికి సరిపోతాడు, వాడూ వెళ్లిపోతాడు. మార్చి నాటికి ఆ బెంచీల్లో మిగిలేది రైతుల పిల్లలే. ఏ పాఠం మార్చికి పోతే ఆ పాఠం మా పిల్లల చెవిన పడదు. సూరి ఏడాది పొడుగునా ఉన్న నెలలన్నీ చూసి, ఆ ఒక్కదాన్ని తీసుకెళ్లి మా వాళ్లెవరూ లేని నెలలో పెట్టాడు.

వాడు నాకు అక్షరాలు నేర్పిన రోజులు గుర్తొస్తున్నాయి, ఉద్యోగం వచ్చిన కొత్తలో, సాయంత్రం బడి నుంచి వచ్చి గుమ్మంలో పలక పెట్టుకుని నన్ను కూర్చోబెట్టేవాడు. వలలు అల్లిన వేళ్లు బలపానికి వంగలేదు, నా 'అ' చూసి ఇది పీతలాగుందమ్మా అని నవ్వేవాడు. మొదటి వాచకం అయ్యాక ఇంట్లో వేరే పుస్తకం లేక వాడి సైన్సు పుస్తకమే చదివించాడు. అర్థం తెలియకపోయినా మాటలు కూడుకుంటూ వెళ్లేదాన్ని, ఉష్ణం, వ్యాకోచం, రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారో చదివినప్పుడు చీపురుపల్లి స్టేషన్లో చూశానే అని ఎంత సంబరపడ్డానో. ఒకరోజు పేజీ తిప్పగానే తొట్టె బొమ్మ, తొట్టెలో నీళ్లు, నీళ్లలో కొయ్యముక్క. వాడు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని నాలుగైదు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. "ఇది తరవాత సదువుదారమ్మా" అన్నాడు. ఆ తరవాత మళ్లీ రాలేదు. వాడు బడికెళ్లాక ఒక మధ్యాహ్నం నేనే తీసి చదువుకున్నాను, ఒక్కో మాటా పట్టుకుని, వదలకుండా. నీటిలో ముంచిన వస్తువు బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. తాను పక్కకు నెట్టిన నీటి బరువు తన బరువుకు సరిపోయినంతవరకే ఏ వస్తువైనా తేలుతుంది. ఒకటికి నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి ఆ తొట్టెలో కొయ్యముక్క మా తెప్ప అయిపోయింది.

తెప్ప ఒడ్డుకొస్తే తాళ్లు విప్పి దుంగ దుంగా విడదీసి ఇసుకలో ఆరబెట్టాలి. అది మా రేవులో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు, తడి తాగిన దుంగ బరువెక్కుతుంది, నీళ్లలోకి దిగిపోతుంది. ఒక ఏడు మాఘమాసంలో కవళ్ల చేప వచ్చింది. అలాంటి చేప ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. నీళ్లు నీళ్లలా లేవు, వెండి మరుగుతున్నట్టు ఉంది, గాలంతా చేపనూనె వాసన, నిద్రలో కూడా అదే వాసన, బుట్టలు చాలక చీరలు పరిచి పోశాం. తెప్ప ఒడ్డుకు తగలడం, చేప దించడం, మళ్లీ తోసుకుపోవడం. ఎవరూ తాళ్లు విప్పలేదు. నేను కాదు అడిగింది, మా అత్త అడిగింది, ఒరే, దుంగలు నాని ఉన్నాయిరా, ఒక పూట ఆరనివ్వరా అని. "దుంగలు ఆరీదాకా సేప ఆగతాదేటే అమ్మా" అని మా ఆయన నవ్వాడు. రేవంతా అలాగే ఉంది, ఆయనొక్కడే కాదు, అన్ని తెప్పలూ నానిపోయి నీళ్లకు సమానంగా నడుస్తున్నాయి, దూరం నుంచి చూస్తే మనుషులు నీళ్ల మీద కూర్చుని వస్తున్నట్టుండేది, అది చూసి మేం ఆడవాళ్లం నవ్వుకున్నాం కూడా. తెలియక కాదు. తెలిసిందే, ఆ పూటకి పక్కన పెట్టారు. చేపతో నిండి వస్తున్నప్పుడు ఒడ్డు దగ్గరి కెరటంలో మా తెప్ప తలకిందులైంది. మా మరిది జోగయ్యకు దుంగ చేతికి దొరికింది. ఆయనకు దొరకలేదు.

సూరి అప్పుడు తొమ్మిదో తరగతి. చదువు మానొద్దని వాడి నాన్నే వాణ్ణి ఒరిస్సా వెళ్లే తెప్పలతో పంపకుండా బళ్లో ఉంచాడు. అందుకే వాడు ఊళ్లో ఉన్నాడు, అందుకే వాడు వెళ్లాడు. నేను మా ఒడ్డున కూర్చుని చూస్తూ ఉంటే ఆయన ఉత్తరాన వేరే ఊరి ఒడ్డుకు చేరాడని కబురొచ్చింది. మాలో సముద్రం మీద పోయిన మనిషిని ఊళ్లోకి తేరు, ఎక్కడ ఒడ్డు చేరితే అక్కడే దహనం. భార్యను తీసుకెళ్లరు. కొడుకును తీసుకెళ్తారు. జోగయ్య వాడి చెయ్యి పట్టుకుని ఇసుకలో నడిపించుకుపోవడం చూశాను. తిరిగొచ్చాక వాడు గుమ్మం బయట స్నానం చేసి లోపలికొచ్చాడు, నేను వాడి మొహం చూశాను, వాడు నా చేతులు చూశాడు, అప్పటికే గాజులు తీసేశారు. చూసొచ్చిన మనిషి చూసిన మాట ఆ ఇంటి కప్పు కింద ఎత్తకూడదు, ఎత్తితే పోయినవాడు ఇల్లు వెతుక్కుంటూ వస్తాడంటారు. మేమిద్దరం ఎత్తలేదు. వాడు పెద్దవాడయ్యాడు, ఈ విజయనగరంలోనే కాలేజీలో చదివాడు, మేష్టారయ్యాడు, వారాలూ పంటలూ పండుగలూ పోయాయి, ఎత్తలేదు. రావద్దనుకునే మనిషేం కాదే ఆయన. వస్తే రానీ అని ఒక్కోసారి అనుకున్నాను, కాని అడగడానికి నోరు రాలేదు.

"ఏటమ్మా, గోడకేసి అలాగ సూస్తన్నావు, సినిమా ఆడతన్నాదేటి?" గొంతు ముందొచ్చింది, మనిషి తరవాత వచ్చింది, చీర రంగు తెలియడం లేదు, గాజు గ్లాసుల చప్పుడు మాత్రం తెలుస్తోంది. బడి ఆయా, పేరు గున్నమ్మట, మేష్టర్లకు టీ మోస్తోంది.

"కళ్లల్లో మందేసినారమ్మా. ఏటీ కనపడదు."

"కనపడకపోతే నయమే. ఈ మేష్టర్లని సూసి సూసి నాకు కళ్లు పోతన్నాయి. పొద్దుట్నుంచి కూకుని నీల్లు ఏ నెల, నిప్పు ఏ నెల అని దెబ్బలాడుకుంటన్నారు. మా పంపుకి సెప్పమను, ఆల్లు ఏ నెలంటే ఆ నెల ఒస్తాదేమో నీల్లు." నవ్వొచ్చింది నాకు. "ఏ ఊరు మీది?" అంది. సముద్రం ఒడ్డున రేవు అన్నాను. "పెనిమిటి?" అంది. "సముద్రంలోనే" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. వెళ్లిపోయిందేమో అనుకున్నాను, వెళ్లలేదు, నా చెయ్యి తీసుకుని అందులో గ్లాసు పెట్టింది. "ఏడిగున్నాది, కొంగుతో పట్టుకో" అని, కాసేపు అక్కడే నిలబడి, తరవాత వెళ్లింది.

లోపల కుర్చీలు జరిగాయి, టీకి లేచినట్టున్నారు. బెంచీ పక్కన చెప్పుల చప్పుడు ఆగింది. సూరి. వాడూ ఒక మసక తెలుపు, చొక్కా తెలుపు.

"మంట తగ్గిందా అమ్మా?"

"తగ్గింది. సూరీ, నీల్ల పాఠం మార్చిలో ఎందుకెట్టినావు?"

వాడు నా పక్కన కూర్చున్నాడు. బెంచీ కొంచెం కిందికి వంగింది. "ఇన్నావా" అన్నాడు.

"కిటికీ కాడ కూకోబెట్టినావు కదరా."

"పరీక్షలకి గుర్తుంటాదని..."

"ఆ కబురు ఆల్లకి సెప్పు, నాకు కాదు."

మైదానంలో ఎక్కడో ఒక కాకి. వాడు నేలకేసి మాట్లాడాడు. "మన రేవోల్లు ముందర బెంచీల్లో కూకుంటారమ్మా. జోగయ్య సిన్నాన్న కొడుకు ఈ యేడు నా కలాసుకే ఒస్తన్నాడు. నాను పాఠం సెప్పీ యేలకి ఆల్ల బాబులు సముద్రం మీదుంటారు. ఆల్ల మొకాలు సూస్తా ఏది ములుగుతాదో ఏది తేలతాదో నాను సెప్పలేను. పోయినేడూ అంతే, ఆల్లు ఒరిస్సా ఎల్లినాక సెప్పినాను. మిగిలినోల్లకి అది మార్కుల పాఠం, రాసుకున్నారు, అయిపోయింది."

"అది ఆల్ల పాఠమేరా."

"తెలుసు."

"నీకు సెప్పినదీ మార్చిలోనే."

"అవునమ్మా. మార్చిలోనే." వాడి గొంతులో ఇస్త్రీ అంతా పోయింది.

అప్పుడు తట్టింది నాకు, ఇది మా ఇంటి కప్పు కాదు. ఇన్నేళ్లలో వాడూ నేనూ వేరే కప్పు కింద ఇలా పక్కపక్కన కూర్చున్నది లేదు, పెళ్లిళ్లకెళ్లినా మగవాళ్లలో వాడూ ఆడవాళ్లలో నేనూ. కళ్లు కూడా సరిగా లేవు, వాడి మొహం నాకు కనపడదు. ఇప్పుడు అడగకపోతే ఇక అడగను. "సూరీ" అన్నాను, "ఇది మనిల్లు కాదు కదా. ఆ రోజు మీ నాన్న ఎలాగున్నాడు?"

వాడి ఊపిరి వినిపించింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

"బోర్లా ఉన్నాడమ్మా. ఆ ఊరోల్లు మల్లీ ఎల్లిపోకండా నడుంకి తాడు కట్టీసి రాయికి కట్టినారు. కెరటం ఒచ్చినప్పుడల్లా లెగిసి దిగతన్నాడు. సిన్నాన్న దగ్గిరికి రాలేకపోయినాడు, ఇసకలో కూకుండిపోయినాడు. నానే తాడు పట్టుకున్నాను." వాడు ఆగాడు. మళ్లీ చెప్పాడు. "ఒక్క సేత్తో లాగితే ఒచ్చీసినాడమ్మా. అంత మనిషి, సిన్నపిల్లోడిలాగ తేలిగ్గా ఒచ్చీసినాడు. నీల్లు దాటి ఇసకలోకి ఒచ్చినాక కదల్లేదు. ఆ ఊరోల్లందరూ పట్టాల్సొచ్చింది. మల్లీ బడికెల్లినాక మేష్టారు బోర్డు మీద రాసినారు, నీటిలో వస్తువు బరువు తగ్గినట్టు కనిపించును అని. అందరూ రాసుకున్నారు. నాను రాయలేదు. నా సెయ్యికి తెలుసు అది."

వాడి చెయ్యి వెతికి పట్టుకున్నాను. సుద్దపొడి పట్టిన గరుకు చెయ్యి, ఏ చేత్తో లాగాడో అది ఇదో కాదో అడగలేదు. ఆయన బరువెంతో నాకు తెలుసు, వాడికీ తెలుసు, మా ఇద్దరికీ తెలిసిన బరువులు వేరు. ఏడుపు రాలేదు, మందు వేసిన కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారుతున్నాయి, వాడు మందు వల్లే అనుకున్నాడేమో. ఆయన నీళ్లలో తేలిగ్గా ఉన్నాడన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎన్నో రాత్రులు నేనాయన్ని నీటి అడుగున బరువుగా, ఊపిరాడక, కిందికి దిగిపోతున్నట్టే చూశాను. కొడుకు చేతికి తేలిగ్గా వచ్చాడు. అది మంచిదో కాదో తెలియడం లేదు. "సూరీ, రావయ్యా, సంతకాలు" అని లోపలినుంచి పిలిచారు. వాడు చెయ్యి తీసుకుని లేచాడు. పాఠం మాట నేనింకోసారి అనలేదు.

కిటికీలోంచి ముందు కాగితాల చప్పుడు, తరవాత వాడి గొంతు. "ద్రవాలు ఆగస్టుకి మార్చాలండి."

"ఇందాకే కదయ్యా మార్చి అన్నావు" అన్నారు గణపతిరావు గారు.

"మా రేవు పిల్లలు దీపావళికి వెళ్లిపోతారండి. మార్చిలో పెడితే వాళ్లకి అందదు."

"వెళ్లిపోయినవాళ్లు పరీక్షకే రారు. వాళ్లకి ఏ నెలైతే ఏమిటి?"

"పరీక్షకి కాదండి" అన్నాడు సూరి. ఆ తరవాత వాడు ఏదైనా చెబుతాడేమో అని గదంతా ఆగింది, నేనూ ఆగాను. వాడు చెప్పలేదు. మళ్లీ అన్నాడు, ఇంకా మెల్లగా, "పరీక్షకి కాదండి."

కాసేపటికి జగన్నాధం మేష్టారు దగ్గాడు. "ఆగస్టులో నా ధ్వని ఉంది కదుటోయ్" అన్నాడు. "మార్చికి రాసెయ్ దాన్ని" అన్నాడు, "వీణ లేకపోతే బల్ల మీద కొట్టి చెబుతాను." నవ్వించడానికే అన్నాడు గాని ఎవరూ నవ్వలేదు. కలం గీసిన చప్పుడు విన్నాను, ఒక గీత, ఇంకో గీత, రెండు నెలలు చోట్లు మారాయి.

ఆగస్టు అంటే శ్రావణం. సముద్రం పోటు మీద ఉంటుంది, తెప్పలు చాలావరకు ఒడ్డునే ఉంటాయి, పిల్లలందరూ బళ్లో ఉంటారు, జోగయ్య కొడుకు ముందు బెంచీలో ఉంటాడు. సూరి బల్ల మీద తొట్టె పెడతాడు, నీళ్లు పోస్తాడు, ఎండిన కొయ్యముక్క వేసి చూపించి, తరవాత నానిన ముక్క వేసి చూపిస్తాడు. వాళ్లు రేపు ఒరిస్సా ఒడ్డున చేప పడ్డప్పుడు దుంగలు ఆరనిస్తారో, ఆగరో, ఎవరు చెప్పగలరు. ఏ రోజు ఆ పాఠమో వాడు నాతో అనడు, మా కప్పు కింద ఆ మాట లేదు. కాని నాకు తెలిసిపోతుంది. ఆ పొద్దున వాడు గంజి ముందు కూర్చుని ముట్టుకోడు. తినరా, ఎండెక్కుతోంది అనాలి నేను. చొక్కా గుండీలు చూడాలి. గుమ్మం దాకా వెళ్లాలి. ఆ మాఘంలో ఆయన్ని పంపినట్టే, ఏమీ ఎరగని దానిలా, వాణ్ణి పంపాలి.